బంగారక్కయు జుట్టుపోలిగాడును

కొన్ని మాసముల క్రిందట ధర్మవరము మీదుగా ప్రయాణము చేయుచు, ఆ ప్రాంతముననే యున్న నిమ్మలకుంట గ్రామమున ఒక పూట ఆగితిమి. ధర్మవరమనగనే మన యిండ్లలోని స్త్రీలకు పట్టుచీర జ్ఞప్తికి వచ్చును. నిమ్మలకుంట పేరు వినినవారు తక్కువ. అది తోలుబొమ్మలవారి యూరు. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినపుడు పత్రికలలో ఆ పేరు నాలుగు దినములు మెరసి, మరల మరుగుపడినది. మేము ప్రవేశించిన యింటి వసారాలో తోలుతో చేసిన దీపపు తొడుగులు వరుసగా వ్రేలాడుచుండెను. వానిపై తామరలు, నెమళ్ళు, పట్టాభిషేకములు. చక్కని పనియే. కాని మా చూపు వానిమీద నిలువలేదు. వాని వెనుక గోడకు ఆనించి రెండు బొమ్మలున్నవి. ఒకటి బట్టతల, నడినెత్తిన నిక్కిన యొక్క జుట్టు, ముందుకు పొడుచుకొనివచ్చిన బొజ్జ. రెండవది నడుమున చేయి వేసికొని, ఎవరితోనో తగవునకు సిద్ధముగా నిలిచిన స్త్రీ. పేరు అడుగవలసిన పని లేకపోయినది. వారు జుట్టుపోలిగాడును బంగారక్కయును. రాముడు, హనుమంతుడు, నెమలి అమ్ముడుపోవుదురుగాని వీరిని కొనువారు లేరని ఆ యింటి శిల్పి చెప్పెను.

మేము వారిని తొలుత చూచినది బాల్యమున. శివరాత్రి గడచిన దినములు. ఊరి వెలుపలి కళ్ళములో నాలుగు గుంజలు పాతి, తెల్లని పంచెలు రెండు జోడించి, ముండ్లతో గ్రుచ్చి తెర కట్టిరి. ఆముదపు దీపముల కాలము అప్పటికే పోయినది. మేమెరిగినది కరెంటు బల్బు. రాత్రి తొమ్మిది దాటిన పిదప వినాయకుడు వచ్చెను, శారద వచ్చెను, ప్రార్థన ముగిసెను. తరువాత రావణుని కొలువు. మనిషి యెత్తు రావణుడు పది తలలతో తెర నిండ నిలిచి, చేయి యొక్కటి మాత్రము కదల్చుచు పద్యమును సాగదీయుచుండగా మాకు కునుకు పట్టుచుండెను. అంతలో తెర వెనుక పిడుగు పడినట్లయ్యెను. కాళ్ళక్రింద కొయ్యపలకలు పరచుకొని వానిపై గజ్జెలకాళ్ళతో త్రొక్కుట బొమ్మలాటవారి విద్య. యుద్ధమునకు, ఉరుమునకు, నాట్యమునకు అన్నిటికి అదియే వాద్యము. ఆ త్రొక్కుడుతో రావణుడు పద్యము ముగింపకుండగనే మాయమయ్యెను. తెరకు రెండు ప్రక్కలనుండి వీరిద్దరు ఎగురుచు వచ్చిపడిరి. వారి మాటలు మాకిపుడు జ్ఞాపకము లేవు. జనము నవ్విన నవ్వు జ్ఞాపకమున్నది. పలకల దెబ్బకు మేము కూర్చున్న నేల అదరుట జ్ఞాపకమున్నది. ఆపైన జ్ఞాపకముండుటకు వీలు లేదు; ఏలయన, మా పెద్దలు చేయిపట్టి లేపి మమ్ము ఇంటికి తీసికొనిపోయిరి. మా యింట సంస్కారమునకు మన్నన యెక్కువ. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ప్రహసనములు బీరువాలో అట్టలు వేసి దాచుకొన్న ఇల్లది. ఆ ప్రహసనములలో ఆలుమగలు ఎట్లు కలహింతురో పెద్దవారమైన పిదప చదివి, ఆ రాత్రి మమ్మేల లేపిరా యని ఆలోచించితిమి.

ఈ జంట యెవరో తెలియని యువతరమునకై కొంత చెప్పవలయును. తోలుబొమ్మలాటలో రాముని కథ నడుచుచున్నను, భారతకథ నడుచుచున్నను, నడుమ నడుమ ఈ హాస్యగాండ్రు చొరబడుదురు. జుట్టుపోలిగాడు మగడు, బంగారక్క పెండ్లాము, వారి నడుమ చిచ్చుపెట్టి ఆమెపై కన్నువేయువాడు కేతిగాడు. గాంధోళిగాడని మరియొకడును గలడు. ఆటకు మూలమైనది మాత్రము మొదటి యిద్దరే. ఆట ఆడించువారిని మన ప్రాంతమున ఆరెవారందురు. తెరమీద తెలుగు పలుకుదురుగాని వారి యింటిమాట మరాఠీలో ఒక యాస. కన్నడదేశమున ఇదే విద్య గలవారికి కిళ్ళేక్యాతలని పేరు. అచ్చటి హాస్యగాని పేరును కిళ్ళేక్యాతయే. బంగారక్క వాని భార్య. మన కేతిగాని పేరు ఆ క్యాతనుండి వచ్చినదే యని తోచును. అనగా, అచ్చట మగడైనవాడు ఎల్ల దాటి ఇటు వచ్చుసరికి జారుడైనాడన్నమాట. బంగారక్క మాత్రము రెండు రాజ్యములందును బంగారక్కయే. ఆమె మారలేదు, ఆమె నోరును మారలేదు.

ఈ యాట ప్రాచీనత గూర్చి సందేహము లేదు. పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున శ్రీశైలయాత్రికుల వినోదములను వర్ణించుచు బొమ్మలాటను పేర్కొనినాడు. అనంతపురము సీమలోనిదే యగు లేపాక్షిలో, పదునారవ శతాబ్దపు విజయనగర చిత్రకారులు కప్పుమీద వ్రాసిన మూర్తులను చూడుడు. ఆ ప్రక్కచూపు ముఖములు, ఆ విశాలనేత్రములు, ఆ అంచుల చీరలు, తోలుబొమ్మలకు దగ్గరి చుట్టములు. గోడ బొమ్మకు నేర్పినదో, బొమ్మ గోడకు నేర్పినదో పండితులు తేల్చుకొందురుగాక. రామకథకు ఆధారము రంగనాథరామాయణము. ఆ ద్విపద ఈ కుటుంబములలో తండ్రినుండి కొడుకునకు నోటిమీదుగనే వచ్చినది. ఒకవేళ నోట మరచినను అచ్చులో నున్నది. ఏ గ్రంథాలయమునకు పోయినను దొరకును.

బంగారక్క పలికినది ఏ గ్రంథాలయమున దొరకును?

ఇచ్చటనే అసలు చిక్కు. రామునకు, రావణునకు పాఠము గలదు. ఈ జంటకు పాఠము లేదు. ఏ యూర ఆడిన ఆ యూరి సంగతులే వారి మాటలు: చెరువుకట్ట సొమ్ము ఎవరు మ్రింగిరి, వడ్డీ ఎవరు హెచ్చు గుంజిరి, ఆట కట్టించిన పెద్దమనిషి ఎంత ఇచ్చి ఎంత చాటుకొన్నాడు. దేవతలు పద్యములో, పండిత భాషలో పలుకుదురు. వీరు కళ్ళములోని మాట పలుకుదురు. నడుమ ఉరుదూ, నడుమ కన్నడము. అనంతపురము సంతలో వినబడు భాష అదియే గదా. ఒకరు విసరిన మాటను మరియొకరు నేల పడకముందే అందుకొని తిరిగి కొట్టవలయును. అందుచేత ఇది ఒక్కని విద్య కాదు. బొమ్మ ఎవరైనను ఆడింపవచ్చును. సంవత్సరములకొలది ఒకరి ఊపిరి ఒకరు ఎరిగిన రెండు గొంతులు కూర్చుకొనుట కష్టము. మేము వినినంతవరకు ఈ ఘట్టములలో హార్మోనియమునకు పని తక్కువ. పలకలు, తాళములు, మద్దెల, ఇద్దరి నోళ్ళు. అంత సందడి ఆ నాలుగింటినుండియే పుట్టెడిది.

ఆ రెండు గొంతులలో ఒకటి స్త్రీది. ఈ మాటను మన పాఠకురాండ్రు గట్టిగా గమనింపవలయును. మన ఆధునిక నాటకరంగమునకు ఈ సీమ చేసిన సేవ చిన్నది కాదు. ఆంధ్రనాటక పితామహుడనిపించుకొన్న ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు ఈ ధర్మవరమున పుట్టినవారే. 1853–1912 ఆయన కాలము. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవగారు స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలయునని పట్టుపట్టి, కులస్త్రీలను రంగమునకు రప్పించుటకై జీవితాంతము పాటుపడిరి. ఆయన 1946లో గతించునాటికిని ఆ పని పూర్తికాలేదు. స్థానము నరసింహారావుగారి వంటి పురుషులు స్త్రీవేషమున సాటిలేనివారనిపించుకొనుచుండిరి. పట్టణములలో ఇంత వాదము జరుగుచుండగా, ఆ బళ్ళారికిని ఈ తాడిపత్రికిని నడుమనున్న పల్లెలలో బొమ్మలాటవారి యాడువారు తెర వెనుక నిలిచి సీతకు, మండోదరికి, బంగారక్కకు గొంతు నిచ్చుచునే యుండిరి. భర్త, మామ, మరది ప్రక్కనే నిలిచి యుండగా, ఊరి పెద్దలు ఎదుట కూర్చుండి యుండగా, మగని కల్లుసారాయి ఖర్చు మొదలుకొని వాని మగతనము వరకు బంగారక్క నోట కడిగివేయుచుండిరి. తెర ముసుగున్నదనుట నిజమే. ఐనను ఆ కాలమున ఏ యింటి కోడలికి అంత మాట చెల్లినది? స్త్రీవిద్య, స్త్రీవాక్కు కావలయునని సభలు చేసినవారు ఈ వాక్కును వినలేదు. వినినవారు చెవులు మూసికొనిరి.

చెవులు మూసికొనుటకు కారణము లేకపోలేదు. మేమా వైపున పూర్తిగ తప్పు చెప్పము. ఆ సరసములు మోటువి. కొన్ని మాటలు ఇచ్చట అచ్చువేయుటకు తగవు. అంతకంటె బాధాకరమైనది వేరొకటి గలదు. కుంటివానిని, గ్రుడ్డివానిని, తక్కువ కులమని యెంచబడినవానిని చూపి నవ్వించు ఘట్టములును వానిలో నుండెడివి. పాతదైనంత మాత్రమున దానిని నెత్తిన పెట్టుకొనుట మా మతము కాదు. భోగముమేళములను వద్దనిన పంతులుగారి తరమువారు ఆ మేళముల వెనుక నలిగిన ఆడుబిడ్డల బ్రతుకును చూచి వద్దనిరి, అది న్యాయము. 1947లో మదరాసు శాసనము దేవదాసీ సమర్పణమును నిషేధించుటయు న్యాయమే. కాని ఆ చూపునే బంగారక్క పైని త్రిప్పుటలో పొరపాటు పడితిమి. ఆమె యెవని ఉంపుడుకత్తెయు కాదు, ఏ గుడికిని ఇయ్యబడినది కాదు. మేకతోలుతో చేసిన బొమ్మ. తన మగడు పనికిమాలినవాడని బిగ్గరగా చెప్పుట ఆమె నేరము.

మా పొరపాటు మాటలతో ఆగలేదు. కొంతకాలము క్రిందట ఒక పాఠశాల వార్షికోత్సవమునకు తోలుబొమ్మలాట పెట్టింపవలెనని మేమే సలహా ఇచ్చితిమి. మేళమును పిలిపించి, పిల్లలెదుట ఆడునది కనుక ఆ యిద్దరిని మాత్రము తీసివేయుడని షరతు విధించితిమి. మేళపు పెద్ద మారుమాటాడలేదు. అతని వదినె గారనుకొందుము, ఒక పెద్దామె, ఐతే తాను రావలసిన పని యేమున్నదని అడిగి, పెట్టె దగ్గరనే కూర్చుండిపోయినది. లంకాదహనము ఆడిరి. తప్పేమియు లేదు, ప్రాణమును లేదు. అరగంటకే ముందువరుస పిల్లలు ఒకరిపై నొకరు ఒరిగి నిద్రపోయిరి. అప్పుడు మాకు తెలిసినది, ఆ జంట కథకు అంటించిన అతుకు కాదని. తెల్లవారువరకు సాగు ఆటకు వారు గుండెకాయ. 1989లో గోల్డ్‌బెర్గ్‌బెల్ అను అమెరికా పండితుడు ఈ ఆటపై ఆంగ్లమున ప్రకటించిన వ్యాసమునకు, పెత్తనమంతయు విదూషకులదే యను అర్థము వచ్చు పేరు పెట్టినాడు. మనవారిలో మొదలి నాగభూషణశర్మగారు 1985లోనే ఈ ఆటపై ఆంగ్లమున గ్రంథము వ్రాసిరి. అవి రెండును చదివిన పిదప, మేము ఆనాడు ఆ పెద్దామెను పెట్టె దగ్గర కూర్చుండబెట్టుటకు సిగ్గుపడితిమి. మరల ఆ మేళము జాడ తీసితిమి. మేళము లేదు. అన్నదమ్ములు వేరుపడి, ఒకరు బెంగుళూరులో కూలిపనికి, ఒకరు దీపపు తొడుగుల పనికి పోయిరి. ఆమె గతించెను.

ఇట్టి జంటలు లోకమున మన కొక్కరికే కలవని యనుకొనరాదు. తురుష్కదేశపు నీడబొమ్మలాటలో కరగోజ్, హాజివాట్ అను ఇద్దరు గలరు. ఒకడు మోటువాడు, ఒకడు చదువరి. వారి వాగ్వాదమే ఆట. సుల్తానుల కాలమున రంజాను రాత్రులలో కాఫీ అంగళ్ళలో వారు ఆడిరి. 2009లో యునెస్కోవారు దానిని మానవజాతి వారసత్వములలో చేర్చిరి. జావాద్వీపమున మన భారతకథనే ఆడు వాయాంగు నీడబొమ్మలలో సెమారు, వాని కొడుకులు నడిరేయిన వచ్చి రాజులను ఎకసక్కెము చేయుదురు. ఇంగ్లండు సముద్రతీరములలో పంచ్, జూడీ యను చేతిబొమ్మల ఆలుమగలున్నారు. అందు మగడు దుడ్డుకఱ్ఱతో ఆలిని కొట్టుటయే వినోదము. మన బంగారక్క దెబ్బకు దెబ్బ తీయగలదు. ఆ దేశములవారు తమ మోటు జంటలను దాచుకొనలేదు. పిల్లలకు చూపుచు, వలసినచోట దిద్దుకొనుచు నిలుపుకొనిరి. దిద్దుట వేరు, తీసివేయుట వేరు.

మేళములు చెదరుటకు సంస్కర్తలొక్కరే కారణమనుట అతిశయోక్తి యగును. ఈ సీమ సంగతి వేరుగ చెప్పవలెనా? అనంతపురము 1882లో బళ్ళారినుండి విడివడి జిల్లా యైననాటికి ధాత కరువు ముగిసి నాలుగేండ్లు. ఇచ్చట ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల ఆసుపాసున వాన. అదియును వచ్చినప్పుడు వచ్చును. విరాటపర్వము చదివించిన వాన కురియునని మన పల్లెలలో నమ్మకము గలదు; వాన కొఱకు బొమ్మలాట కట్టించుటయు కలదు. ఒక విధముగ కరువే వారికి పని కల్పించెడిది. కాని కరువు రెండేండ్లు, మూడేండ్లు వరుసగ సాగినపుడు ఆట కట్టించు రైతు చేతను గింజ యుండదు. మేళమన్న ఎనిమిది పదిమంది. వారికి తిండి, బండికి ఎద్దులు, ఎద్దులకు మేత. 1932లో తెలుగు మాటలాడు చలనచిత్రము భక్తప్రహ్లాద వచ్చినది. పిదప డేరాలతో ఊరూర తిరుగు టాకీలు వచ్చినవి. ఆపై ఇంటింట టీవీ వచ్చినది. నెమలి బొమ్మ గల దీపపు తొడుగు పట్టణమున నిలకడగ అమ్ముడుపోవును. దానిని ఒక్కడు ఇంటిలో కూర్చుండి చేసికొనగలడు. తెల్లవారువరకు గొంతు చించుకొనవలసిన పని లేదు. ఈ మార్పువలన చేతిపని బ్రతికినది, కుటుంబములు నిలిచినవి, పిల్లలు బడికి పోవుచున్నారు. వారిని తప్పుపట్టు అధికారము మాకు లేదు. కాని ఆ చేతిపనిలో మిగిలినది బొమ్మయే, గొంతు పోయినది. గొంతులలోను ముందు పోయినది, వ్రాతలో లేనిది.

నిమ్మలకుంట ఇంటిలో ఆ శిల్పి మా ముచ్చట చూచి, గోడ దగ్గరి జంటను దించెను. 2022లో ఈ భాగము అనంతపురమునుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లా యైన సంగతి, బ్యాంకు కాగితములలో చిరునామా మార్పించుకొనుటకు తాను పడిన తిప్పలు చెప్పుచు, జుట్టుపోలిగానిని కుడిచేత, బంగారక్కను ఎడమచేత పట్టి వాకిటి యెండకు ఎదురుగా ఎత్తెను. మేకతోలును నానబెట్టి, గీచి, పలుచన చేసి ఎండబెట్టినది కనుక వెలుగు చొచ్చుకొనివచ్చును. ఉలితో కొట్టిన చిన్న చిన్న రంధ్రములు ఆమె మెడలో నగలై మెరసెను. అతడు కాలితో గచ్చును రెండు మారులు త్రొక్కెను. పలక కాదు గనుక చప్పుడు రాలేదు. జుట్టుపోలిగాని మాటలు నాలుగైదు గబగబ పలికెను, మేము నవ్వితిమి. తరువాత బంగారక్క వంతు రాగా ఎడమచేయి ఆడించెను, ఆమె నడుము తిరిగెను, చేయి లేచెను. మాట రాలేదు. ఆ మాటలు తన తల్లి చెప్పెడిదనియు, మగవాడు చెప్పిన అవి కుదురవనియు అతడు చెప్పెను. లోపల వంటయింటినుండి అతని భార్య వినుచునే యున్నది. ఆమెకు వచ్చునా యని అడిగితిమి. చిన్నప్పుడు అత్త నోట వినినదట, ఎప్పుడును చెప్పలేదట.

జంట వెల అడిగితిమి. విడివిడిగ ఇచ్చెదననెను. రెండును కలిపియే కావలెనంటిమి. అతడు పాత దినపత్రికలో వానిని ముఖాముఖిగ చుట్టుచుండగా, వంటయింటినుండి ఒక మాట వినబడినది, జుట్టుపోలిగానిని గూర్చినదే, ఇచ్చట వ్రాయుటకు వీలుకానిది. శిల్పి తలయెత్తి నవ్వి, దారము ముడివేయుట మాని, బొమ్మలను మరల విప్పెను.